అక్క చేతి మొదటి చుట్టు

బుకోమ్, అక్రా
1994 మే 31, మంగళవారం

లోమే చేపల బజారులో ఉన్న చిరంజీవి డెడేకి, నిన్ను చిన్నప్పుడు భుజాన మోసిన ఒకాయ్ బాబాయి దీవించి రాస్తున్నది.

తల్లీ, ఉత్తరం మొదట్లో ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి కాబట్టి రాస్తున్నాను. నా మోకాళ్ళు క్షేమం. కారే చూరు క్షేమం. మీ ఇంటి గుమ్మంలో పడుకునే ఆ గుడ్డి మేక కూడా క్షేమమే, మొన్న నా లుంగీ అంచు నమిలింది. ఆ వరుసలోనే నీ తమ్ముడు అషితే పేరు రాయబోతే చెయ్యి ఆడలేదు. ఈ ఉత్తరం అందుకే.

ఎక్కడో మొదలుపెట్టి ఎక్కడికో పోతే విసుక్కోకు. నేను బడి మెట్లెక్కినవాణ్ణి కాదు. వేయించిన చేపలు చుట్టి ఇచ్చే పాత పేపర్ల మీద అక్షరాలు నేర్చుకున్నాను. లోకంలో ప్రతి వార్తా నాకు సగమే తెలుసు, మిగతా సగం నూనె తాగేసింది. ఒక దేశంలో రాజు చనిపోయాడని పన్నెండేళ్ళు నమ్మాను. తర్వాత ఎవరో చెప్పారు, చనిపోయింది రాజుగారి గుర్రమట.

ఇవాళ సముద్రానికి సెలవు, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. పైగా డప్పుల నిషేధం నెల. మొక్కజొన్న చల్లారు, ఇక పూజారులు చెప్పేదాకా దేవతల చెవిన చప్పుడు పడకూడదు. మన బుకోమ్ ఎలా ఉంటుందో ఊహించుకో. తాగినవాడు కూడా గుసగుసగా తగువాడుతున్నాడు. కుళాయి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు గొంతు పెగలకుండా పెదవులతోనే తిట్టుకుంటుంటే పక్కనే నిలబడి చూశాను. అమ్మనా బూతులన్నీ వచ్చాయి, ఒక్కటీ వినబడలేదు. అంత మర్యాదైన పోట్లాట నా జన్మలో చూళ్ళేదు.

నా నవ్వు అక్కడితో సరి. ఈ నిశ్శబ్దంలోనే నాకు ఆ చప్పుడు వినబడింది.

మామూలు రోజుల్లో అషితే బాక్సింగ్ ప్రాక్టీసు చేస్తుంటే జామా కుర్రాళ్ళు చుట్టూ మూగి పాటలు పాడుతూ డప్పులు కొడతారు కదా. ఆ హోరులో వాడి అడుగు ఎలా పడుతోందో ఎవడికి వినబడుతుంది? చూడ్డానికా, నా కళ్ళు ఎప్పుడో మసకబారాయి. దెబ్బకు మందు రాయడానికి ముఖం దగ్గరికి లాక్కుంటాను తప్ప దూరం నుంచి మనిషి పోలిక కూడా తెలియదు. నిషేధం మొదలైన వారంలో ఒక పొద్దున్న, పంచింగ్ బస్తా పక్కన కూర్చుని వాజలీన్ డబ్బా మూత తీస్తున్నాను. టక్, స్స్. టక్, స్స్. ఎవరో పనిలేనివాడు తెడ్డు ఈడ్చుకుంటూ పోతున్నాడనుకున్నాను. ఇసుక మీద ఈడ్చుకోవచ్చుగా, సిమెంటు మీద ఎందుకురా అని అరవబోయి, నిషేధం గుర్తొచ్చి ఊరుకున్నాను. చప్పుడు దగ్గరికొచ్చింది. వచ్చి నా ముందు ఆగి, "బాబాయ్, చేతిపట్టీలు చూడు" అంది.

అది అషితే కుడికాలు తల్లీ.

నా చేతిలో డబ్బా కింద పడింది. వాడు నవ్వి వంగాడు తియ్యడానికి. మొదటిసారి చెయ్యి డబ్బాకి జానెడు పక్కన నేల తడిమింది. రెండోసారికి అందింది.

నాకొక్కడికే వినబడిందనుకున్నావా? మొక్కజొన్న కెంకే ఉండలు అమ్మే అయెలే నోరు నిషేధం నెలలో కూడా పూర్తిగా మూతపడదు. మర్నాడు వాడి వెంట నేనూ కెంకే కొనడానికి పోతే, "ఏం చాంపియనూ, రెండో కాలు పడవలో మర్చిపోయొచ్చావా?" అంది. వీడేం తక్కువవాడా, "నీ గుమ్మంలోనే మర్చిపోయా అయెలే, రాత్రి మీ ఆయన చూసి ఎవరిదని అడగలేదా?" అన్నాడు. బజారంతా నోటికి గుడ్డలు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూ అయెలే కళ్ళు చూశాను. ఆవిడ నవ్వడం లేదు. వాడి ఉండలు చుట్టిస్తూ కాలువైపే చూస్తోంది. వాడు పోయాక, "బాబాయ్, మా నాన్న పోయేముందు ఇట్టాగే నడిచాడు" అని గొణిగింది.

అయినా నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నలభై మూడేళ్ళ మనిషి, ఇరవై నాలుగేళ్ళ వయసులో ఆఫ్రికా మొత్తానికీ బెల్టు గెలిచినవాడు, అప్పటినుంచీ దెబ్బలు తింటూనే ఉన్నాడు, కాలు కాస్త బరువెక్కదా అనుకున్నాను. ఆ తర్వాత లాంక్వే సంగతి జరిగింది. 

పెద్ద లాంక్వే నీకు గుర్తే. ఎడమచేతి వాటం మనిషి, లాగోస్‌లో మన అషితే బెల్టు గెలిచింది ఆయన మీదే. ఆయన ఎడమచెయ్యి ఎక్కడినుంచి వచ్చేదో దేవుడికి కూడా తగిలాకే తెలిసేది. పాపం పోయి చాలా ఏళ్ళయింది. ఆయన బతికుండగానే అన్న మనవడికి మన పద్ధతి ప్రకారం ఆయన పేరే పెట్టారు. ఇప్పుడా కుర్రాడు ఇరవై ఏళ్ళవాడై మన దగ్గరే బాక్సింగ్ నేర్చుకుంటున్నాడు. కుడిచేతి వాటం. పెద్ద లాంక్వే భార్య వాణ్ణి చూసినప్పుడల్లా "ఏమండీ, కాస్త కట్టెలు తెచ్చిపెట్టండి" అని ఆటపట్టిస్తుంది. మనకిది మామూలే కదా, పేరుతోపాటు వరుస కూడా కుర్రాడి మెడకు వేసి ఏడిపిస్తాం.

పోయిన గురువారం వీళ్ళిద్దరూ ప్రాక్టీసు పోటీకి రింగెక్కారు. మొదటి రౌండయ్యాక అషితే తాళ్ళకు ఆనుకుని, "ఏం లాంక్వే, లాగోస్‌లో నేను చీల్చిన కనుబొమ్మ మానిందా?" అన్నాడు. అందరూ కిసుక్కుమన్నారు. కుర్రాడూ గడుసువాడే, పెద్దమనిషిలా రొమ్ము విరుచుకుని, "మానిందిరా తమ్ముడూ, రెండోది మిగిలే ఉంది, దమ్ముంటే రా" అన్నాడు. మళ్ళీ నవ్వులు. ఎంత మర్యాద, ఎంత సరసం, చాంపియన్ కుర్రవాణ్ణి వాళ్ళ తాత పేరుతో గౌరవిస్తున్నాడని మురిసిపోయారు.

రెండో రౌండు మొదలైంది. నేను తాడు దగ్గరికొచ్చి నిలబడ్డాను. అషితే కుడి మోచెయ్యి ఎత్తి ముఖం కుడివైపంతా కప్పుకున్నాడు. ఎడమ చెంప బార్లా తెరిచి ఉంది. కుర్రాడు కుడిచేత్తో కొట్టాడు. తగిలింది. మళ్ళీ కొట్టాడు. తగిలింది. వీడు మాత్రం కుడివైపు చెయ్యి దించడు. ఏంటీ మొండితనం అనుకున్నాను. అప్పుడు తట్టింది. వాడు ఆ కుర్రాడితో ఆడడం లేదు తల్లీ. పెద్ద లాంక్వే ఎడమచెయ్యి వస్తుందని కాచుకుంటున్నాడు. మట్టిలో కలిసిపోయిన చేతికి అడ్డంపెట్టి, బతికున్న చెయ్యి ఇస్తున్న దెబ్బలన్నీ తలకి తీసుకుంటున్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. "చూడరా, కుర్రాడికి తేరగా పంచ్‌లు పెడుతున్నాడు, పెద్ద మనసు" అన్నాడొకడు. కుర్ర లాంక్వేకి మాత్రం అర్థమైంది. కొట్టడం ఆపి, చేతులు దించి, నావైపు చూశాడు.  నేను లోపలికి దూరి అషితేని స్టూలు మీద కూలేశాను. ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని, "ఒరే, నీతో ఆడింది ఎవరు?" అని అడిగాను.

"లాంక్వే" అన్నాడు.

సరైన జవాబే. ఏ లాంక్వే అని అడగాలి. నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేకపోయాను. వాడేం చెబుతాడోనని భయమేసింది డెడే. రింగు మూలలో నిలబడి విరిగిన ముక్కులు, చీలిన కళ్ళు అన్నీ చూశాను. నాకింత భయం ఎప్పుడూ వేయలేదు.

ఇప్పుడు అసలు విషయం. ఇక్కడి అధికారులు వాడికి ఇక బాక్సింగ్ లైసెన్సు ఇచ్చేది లేదన్నారు. మంచిపనే. దాంతో మీ లోమే నుంచి ఫోలీ అని ఒకడొచ్చాడు, పోటీలు పెట్టిస్తాడట, బంగారు పన్ను, నవ్వితే తలుపు తెరిచినట్టుంటుంది. ఇరవై మూడేళ్ళ సిపాయి కుర్రాడు కోసీతో అషితేకి పది రౌండ్ల పోటీ ఖాయం చేశాడు. పోటీ వెంటనే పెడదామన్నాడు. డప్పులు లేకుండా నేను గుమ్మం దాటను, జామా వాళ్ళు నాతో రావాల్సిందే అన్నాడు మనవాడు. కాబట్టి నిషేధం ఎత్తేశాక వచ్చే మొదటి శనివారం, నీ బజారుకు కూతవేటు దూరంలో ఉన్న పెద్ద హాల్లో.

పోస్టరు నువ్వు చూసే ఉంటావు. అందులో అషితే ఫోటో బెల్టు గెలిచిన రోజుది. ఆ పక్కన కోసీ. చూస్తే ఇద్దరూ ఒక ఈడువాళ్ళే. ఇక్కడ మన సందులో నాలుగుచోట్ల అంటించారు. వాడు పోతూ పోతూ ఆగి దాన్ని చూస్తాడు. గర్వంగా చూస్తాడనుకున్నా మొదట్లో. ఇప్పుడు అనుమానంగా ఉంది, అద్దం చూసుకుంటున్నాననుకుంటున్నాడేమో.

చెప్పి చూశాను. "మానెయ్‌రా, పడవ మీదికి పో, నీ మేనమామలు వల దగ్గర చోటిస్తారు" అన్నాను. "బాబాయ్, నీకు వయసైపోయింది. భయమేస్తే ఇంట్లో కూర్చుని గుడ్డి మేకని కాసుకో. మూలలో నిలబడ్డానికి వేరేవాణ్ణి చూసుకుంటా" అన్నాడు. వీధిలోవాళ్ళతో చెప్పాను. "ఉప్పెన అషితేని ఆపడానికి నువ్వెవరు ముసలాయనా? వాడి పేరు చెప్పుకునేగా ఈ వీధి బతుకుతోంది" అన్నారు. అందరికీ తెలుసు, ఆ కాలు అందరికీ వినబడుతూనే ఉంది. డప్పులు మొదలైతే మళ్ళీ వినబడదని అందరూ ఎదురుచూస్తున్నారు.

రింగులోకి తువ్వాలు విసిరి పోటీ ఆపించొచ్చు కదా అంటావు. విసిరాను ఒకసారి. అబిజాన్‌లో, ఐదో రౌండులో. అది పోయి వాడి కాళ్ళ దగ్గర పడింది. వాడు తీరిగ్గా వంగి తీశాడు, దాంతోనే ముఖం తుడుచుకున్నాడు, గుండ్రంగా చుట్టి నా ముఖాన కొట్టాడు. జనం పడిపడి నవ్వారు. రిఫరీ కూడా నవ్వి పోటీ సాగించాడు. వారంపాటు ఎవడు ఎదురైనా "బాబాయ్, తువ్వాలు పడిపోయింది చూసుకో" అనేవాడు. నా తువ్వాలుకి విలువ లేదు. మీ ఇంట్లో మనిషిని ఆపగలిగేది ఒకటే ఉంది, అది నీ చేతిలో ఉంది.

నువ్వు మర్చిపోలేదని తెలుసు, అయినా రాస్తాను. చేతిపట్టీ మొదటి చుట్టు ఇంటి ఆడపడుచే చుట్టాలి, గుమ్మం ముందు, అందరూ చూస్తుండగా. మిగతాది ఎవరైనా చుట్టొచ్చు. సందుకీ సందుకీ పడి ఉత్త పిడికిళ్ళతో కొట్టుకునే రోజుల్లోనే మీ తాతకి ఆయన అక్క గుడ్డపేలిక చుట్టేది. ఆవిడ చుట్టకపోతే ఆయన పోడు. పోకపోతే ఎవడూ పిరికివాడనకూడదు, ఎందుకని అడగకూడదు. ఒకసారి ఆవిడ చేతులు కట్టుకుని నిలబడింది. ఆయన మారుమాట లేకుండా వెనక్కి తిరిగి వల బాగుచేసుకున్నాడు. ఎదుటి సందువాళ్ళే సాయంత్రం చేపలు పంపారు, ఆడపడుచు మాట కాదననివాడని. ఆవిడకేదో కల వచ్చిందని ఊరంతా చెప్పుకుంది. అసలు సంగతి నాకు తెలుసు, నేను పక్కింటివాణ్ణి. కప్పు కారుతోందని నెలనుంచీ మొత్తుకుంటోంది, ఆయన ఎక్కి బాగుచేయలేదు.

అషితేకి నువ్వే చుట్టావు, వాడి మొదటి పోటీ నుంచీ. అమ్మ పోయాక వాణ్ణి వీపుకి కట్టుకుని పెంచినదానివి. కనేషీ పోటీలో వాడు పడి, లేచి, నిన్ను చూసి "ఎవరమ్మా నువ్వు" అన్న రాత్రి, ఇక ఈ చేతులకి నేను చుట్టను అన్నావు. లోమే వెళ్ళిపోయావు. నిన్ను తప్పుపట్టడంలేదు. ఆ తర్వాత నేనే చుట్టాను. నేను ఆడపడుచుని కాను కదా, నా చుట్టుకి కట్టుబాటు లేదు, చుట్టనన్నా వాడు ఆగక్కర్లేదు. నువ్వు అక్కడ లేకపోవడం వాడికి సెలవిచ్చినట్టే అయింది. నీకెప్పుడూ రాయని మాట ఒకటి: ప్రతి పోటీకీ గుమ్మంలో చేతులు చాపి కళ్ళు మూసుకుని కాసేపు నిలబడతాడు. నేను ఆగుతాను. తర్వాత కళ్ళు తెరిచి, "కానీ బాబాయ్" అంటాడు.

అందుకే అడుగుతున్నాను. ఆ శనివారం హాలు గుమ్మం దగ్గరికి రా. జామా వాళ్ళు డప్పులు కొడుతుంటారు. వాడు చేతులు చాపుతాడు. నేను పట్టీ ఉండ నీ చేతిలో పెడతాను. నువ్వు తీసుకో. తీసుకుని, చుట్టకు. అంతే. ఏమీ మాట్లాడక్కర్లేదు. బుకోమ్‌లో పుట్టినవాడెవడూ దాన్ని దాటి లోపలికి పోడు. ఫోలీ పన్ను ఎంత మెరిసినా మన జామా వాళ్ళు పోనివ్వరు. నువ్వు రాకపోతే నేనే చుట్టాలి, ఆ సిపాయి కుడిచెయ్యి వాడి ఎడమ కణత మీద పడుతుంటే వాడు చచ్చిపోయినవాడి కోసం కాచుకుంటుంటాడు, నేను తువ్వాలు పట్టుకుని చూస్తూ నిలబడాలి. నావల్ల కాదు తల్లీ.

ఈ ఉత్తరం రాస్తున్నట్టు అషితేకి తెలియదు. తెలిస్తే నా గడప తొక్కడు. వాడికి భయమంటే ఏమిటో తెలియదు కదా, భయమంతా నేనే పడుతున్నాను. నీ మావయ్యలు, అయెలే అడిగినట్టు చెప్పమన్నారు. మీ ఆయనకి నా దీవెనలు. పొగబెట్టిన చేపలు ఈసారి కాస్త ఉప్పు తగ్గించి పంపించు.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తూ,
ఒకాయ్ బాబాయి

తా.క. పైన ఒక అబద్ధం రాశాను. వాడే రాయమన్నాడు కాబట్టి రాశాను. ఇప్పుడు వాడు సందు చివరికి పోయాడు కాబట్టి నిజం రాస్తున్నాను.

ఈ ఉత్తరం నేను అనుకుని రాసింది కాదు. నిన్న మధ్యాహ్నం అషితే వచ్చి బోర్లించిన పడవ మీద కూర్చున్నాడు. నా ముఖం చూడలేదు. "అక్కకి రాయి బాబాయ్. వచ్చి నా చేతికి చుట్టకుండా నిలబడమను. నీ అంతట నువ్వే రాస్తున్నట్టు రాయి" అన్నాడు. మొన్న తిట్టినవాడు వీడేనా అని నోరు తెరిచాను. "నువ్వే మానెయ్యొచ్చుగా, సన్నాసీ" అన్నాను. "మానలేను. డప్పు మోగితే నేనే పోతాను, నాకు తెలుసు. రింగులో ఒక్కోసారి ఎదురుగా ఎవరున్నారో తెలియట్లేదు బాబాయ్. ఎవరో ఉన్నారని మాత్రం తెలుస్తోంది, అందుకని కొడుతున్నా. నాకు భయమేస్తోంది" అన్నాడు. ముప్పై ఏళ్ళలో వాడి నోటివెంట ఆ మాట వినడం ఇదే.

లేచి నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కొచ్చాడు. "ఇంకోటి. ఆ రోజు నేను అక్కని అందరి ముందూ తిడతానేమో. చుట్టమని మీదికి పోతానేమో. నాటకం కాదు. ఇది నేనే అడిగానని అప్పటికి నాకు గుర్తుండకపోవచ్చు. ఎంత తిట్టినా చుట్టొద్దని చెప్పు" అన్నాడు.